కొత్త పార్టులు కొనే ముందు గాలి కొలవండి

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్ట మీంచి నా మౌంటెన్ బైకు, అంటే గుట్టలు, మట్టిదారుల కోసం చేసిన సైకిల్, మీద దిగుతూ మూడు వారాల్లో రెండుసార్లు ఒకే మలుపులో పడ్డాను. రెండుసార్లూ జారింది ముందు చక్రమే. తప్పంతా ఫోర్కుదేనని, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే రెండు కాళ్ల భాగానిదేనని, తేల్చేసుకుని కొత్త ఎయిర్ ఫోర్కు (స్ప్రింగు బదులు గాలితో పనిచేసేది) ధరలు కూడా వాకబు చేశాను. ఈలోగా ఒక ఆదివారం, నాతో తొక్కే మిత్రుడు జేబులోంచి చిన్న గేజి తీసి నా ముందు టైరుకి పెట్టాడు. 52 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చూపించింది. "గట్టిగా కొట్టన్నా" అని పంక్చర్ షాపులో నేనే అడిగి కొట్టించుకున్న గాలి అది. అక్కడికక్కడే 28కి దింపాడు. అదే మలుపు, అదే ఫోర్కు, కానీ ఈసారి చక్రం నేలను పట్టుకుంది.

కాబట్టి ఏం కొనాలో తర్వాత చూద్దాం. ముందు ఉన్నదాన్ని సరిచేసుకుందాం. మీ దగ్గర ఓ మోస్తరు ధరకు కొన్న హార్డ్‌టెయిల్ ఉందనుకుంటున్నాను: ముందు ఫోర్కుకి మాత్రమే సస్పెన్షన్, రెండు డిస్క్ బ్రేకులు, 27.5 లేదా 29 అంగుళాల చక్రాలు. తొక్కేది హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలమీదో, వికారాబాద్ దగ్గర అనంతగిరి వైపు మట్టిదారుల్లోనో అనుకుందాం.

పని మొదలుపెట్టే ముందు

ఒక డిజిటల్ గేజి, నిలబెట్టి కొట్టే పంపు, అలెన్ కీల సెట్టు, ఒక స్కేలు, చిన్న నోట్‌బుక్కు దగ్గర పెట్టుకోండి. మీది ఎయిర్ ఫోర్కు అయితే షాక్ పంపు, అంటే ఫోర్కులో గాలి కొట్టే చిన్న పంపు, కూడా కావాలి. టైరు పంపుతో ఫోర్కులో గాలి కొట్టకండి. ఫోర్కులో గాలి పట్టే చోటు చాలా చిన్నది, టైరు పంపు ఒక్క పోటుకి అవసరానికి మించి తోసేస్తుంది, పైగా కొలత నిలవదు.

తర్వాత ఇంటికి దగ్గర్లో కిలోమీటరో రెండు కిలోమీటర్లో ఉండే ఒక చుట్టు ఎంచుకోండి. అందులో ఒక ఎక్కుడు, ఒక దిగుడు, కాస్త రాళ్ల దారి, వదులు మట్టిలో ఒక మలుపు ఉంటే చాలు. ఏ మార్పు చేసినా అదే చుట్టు మళ్లీ తొక్కి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. గాలి తగ్గించి, సీటు దించి, ఫోర్కు నాబు తిప్పి, "ఇప్పుడు బాగుంది" అనుకుంటే దేనివల్ల బాగుందో మీకు ఎప్పటికీ తెలియదు. ప్రతి మార్పూ నోట్‌బుక్కులో రాసుకోండి. నేను రాయకుండా గుర్తుంచుకోగలననుకుని రెండేళ్లు వృథా చేశాను.

మొదటి పని: టైరు, గాలి

మన గుట్టల స్వభావం ముందు తెలియాలి. హైదరాబాద్ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్లనాటిది. ఎండిన బండ మీద టైరు గరుకు కాగితం మీద లాగా పట్టుకుంటుంది, దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఆ బండ అరిగి రాలిన మొరంతోనే. కింద గట్టి నేల, దానిమీద గోళీల్లాంటి గులకపొర. చక్రం ఆ గోళీల మీద దొర్లి పక్కకి పోతుంది. అందుకని ముందు టైరుకి పక్క గుబ్బలు పెద్దవిగా, ఎడంగా ఉండాలి. మలుపులో వాలినప్పుడు నేలలో దిగేవి అవే. వెనక టైరు మధ్యలో గుబ్బలు కాస్త పొట్టిగా, దగ్గరగా ఉన్నా ఫర్వాలేదు, ఎక్కుడులో తేలిగ్గా దొర్లుతుంది. ఒక్క టైరుకే డబ్బులుంటే ముందుది కొనండి. వెనక చక్రం జారితే ఎలాగో సర్దుకుంటాం, ముందు చక్రం జారితే నేలమీదే.

కొనే ముందు టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు చూడండి. 57-622 అని ఉంటే వెడల్పు 57 మి.మీ., అంటే సుమారు 2.25 అంగుళాలు. 622 అనేది రిమ్ము కొలత, అది 29 అంగుళాల చక్రం. 27.5కి ఇదే అంకె 584, పాత 26కి 559. కొట్లో "29 ఉందా" అని అడిగేకన్నా ఈ అంకె చెబితే పొరపాటు జరగదు. ఇంకా వెడల్పు టైరు కావాలనిపిస్తే ముందు ఫ్రేముకి, టైరుకి మధ్య ఖాళీ కొలవండి. కొత్త టైరు వేశాక రెండు పక్కలా కనీసం 6 మి.మీ. మిగలాలి. వానాకాలంలో నల్లరేగడి ఆ సందులో చేరి పిండిముద్దలా బిగుసుకుంటే చక్రం తిరగదు. నన్నడిగితే రేగడి తడిగా ఉన్న రోజు ఇంట్లో ఉండటమే మేలు.

ఇక గాలి. సుమారు 70 కిలోల మనిషి, 2.25 టైరు, లోపల ట్యూబు ఉంటే ముందు 28, వెనక 31 పీఎస్ఐతో మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే ముందు 22, వెనక 25. మీ బరువు 10 కిలోలు ఎక్కువైతే రెండు పాయింట్లు, అంటే రెండు పీఎస్ఐ, పెంచండి, తక్కువైతే రెండు తగ్గించండి. ఇవి నేను మొదలుపెట్టే అంకెలు, మీ అంకె మీ చుట్టులోనే దొరుకుతుంది. దాన్ని పట్టుకునే పద్ధతి ఇదీ: ఒక చుట్టు తొక్కండి, రెండు పాయింట్లు దించండి, మళ్లీ తొక్కండి. ఎక్కడో ఒకచోట రాయికి రిమ్ము తగిలి టంగుమంటుంది, లేదా మలుపులో టైరు పక్కకి మెలితిరుగుతున్నట్టు తెలుస్తుంది. అక్కడ ఆగి రెండు పాయింట్లు పెంచండి. అదే మీ అంకె, రాసుకోండి.

ట్యూబు మీద పక్కపక్కనే రెండు చిల్లులు, పాము కరిచినట్టు కనిపిస్తే అది ముల్లు పని కాదు. రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిందని అర్థం, గాలి మరీ తగ్గించారు. గాలి ఎప్పుడూ తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. 25 డిగ్రీల్లో 28 పెట్టిన టైరు ఎండలో 45 డిగ్రీలకి వేడెక్కితే దాదాపు మూడు పాయింట్లు పెరుగుతుంది. మే నెలలో పొద్దున బాగున్న సైకిల్ తొమ్మిదింటికల్లా ఎందుకు ఎగిరెగిరి పడుతోందో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ముళ్ల సంగతి మరో కథ. సర్కారు తుమ్మ, పల్లేరు కాయలు మన దారుల్లో ఎక్కడ పడితే అక్కడే. ఈ పల్లేరు అమెరికాలో సైకిల్ తొక్కే మన తెలుగువాళ్లకీ తప్పదు, అక్కడ దాన్ని మేక తల అని పిలుస్తారు, మొక్క ఒకటే. దీనికి విరుగుడు ట్యూబ్‌లెస్. రిమ్ము, టైరు రెండింటి మీదా ట్యూబ్‌లెస్ రెడీ అని రాసి ఉండాలి. రిమ్ముకి టేపు, వాల్వు, లోపల సీలెంటు (చిల్లుని లోపలినుంచే మూసే ద్రవం) వేయాలి. 29 చక్రానికి సుమారు 100 మిల్లీలీటర్లు సరిపోతుంది. సీలెంటులో ఉండేది రబ్బరు పాలే కాబట్టి మన ఎండలకి రెండు మూడు నెలల్లో గడ్డకట్టిపోతుంది. చక్రం తీసి చెవి దగ్గర ఊపండి, లోపల చప్పుడు లేకపోతే మళ్లీ పోయాల్సిందే. మీ రిమ్ము ట్యూబ్‌లెస్‌ది కాకపోతే బలవంతం చేయకండి. వాల్వు లోపలి పిన్ను ఊడదీసి ట్యూబులోనే సీలెంటు పోయండి. గాలి తగ్గించే వీలు పెద్దగా ఉండదు గానీ, ముళ్ల బాధ చాలావరకు తీరుతుంది.

రెండో పని: సైకిల్‌ను ఒంటికి సరిపెట్టడం

గోడకి ఆనుకుని సీటు మీద కూర్చోండి. పెడలు అడుగుకి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు పూర్తిగా చాపుకోవాలి. ఎక్కుడుకి, చదును నేలకి ఆ ఎత్తు. సీటు పోస్టు మీద అక్కడ ఒక టేపు గీత పెట్టండి. దిగుడు వచ్చినప్పుడు అక్కడినుంచి కనీసం 5 సెంటీమీటర్లు దించుకోవాలి. సీటు పొట్టని పొడుస్తుంటే నడుము వెనక్కి జరపలేరు, చక్రం చిన్న బండకి తగిలినా హ్యాండిల్ మీదుగా ముందుకి పోతారు.

దిగి, లీవరు విప్పి, సీటు దించి మళ్లీ ఎక్కడం విసుగే. దానికోసమే డ్రాపర్ పోస్టు, బొటనవేలితో నొక్కితే సీటు దిగుతుంది. టైర్ల తర్వాత డబ్బు పెట్టాల్సినది ఇదేనని నా అభిప్రాయం, ఫోర్కు కన్నా ముందు. పోస్టు మీద 27.2, 30.9, 31.6 మి.మీ. ఇలా ఏదో ఒక అంకె ఉంటుంది, అదే కొలతది కొనాలి. 27.2 అయితే దొరికే మోడళ్లు తక్కువ.

బ్రేకు లీవర్లు షాపులో గ్రిప్పులకి ఆనించి బిగించి ఇస్తారు. వాటిని లోపలికి జరపండి, చూపుడువేలు ఒక్కటే లీవరు చివర పడాలి, మిగతా మూడు వేళ్లూ హ్యాండిల్ పట్టుకునే ఉండాలి. నిలబడి తొక్కే భంగిమలో మణికట్టు వంగకుండా ఉండేలా లీవరు వాలు సరిచూసుకోండి. ఇంకో సంగతి, ఏ చేతికి ముందు బ్రేకు ఉందో తప్పకుండా చూసుకోండి. మోటారు బైకు అలవాటున్న మనకి కుడిచేతికి ముందు బ్రేకు ఉండటమే సహజం, విదేశీ సైకిళ్లలో కొన్ని దీనికి తలకిందులుగా వస్తాయి.

హ్యాండిల్‌ని పట్టుకునే స్టెము 90 మి.మీ. ఉంటే 60 చేసుకోవచ్చు, దిగుడులో బరువు మరీ ముందుకి పడదు, మలుపు చురుగ్గా తిరుగుతుంది. ఖర్చు తక్కువ. కొనేముందు హ్యాండిల్ మధ్య మందం 31.8 మి.మీ.నా, 25.4నా చూసుకోండి. స్టెము బోల్టులు దానిమీదే రాసి ఉన్నంత బిగువుకి, సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, కొద్దికొద్దిగా అడ్డంగా మార్చి మార్చి బిగించండి.

మూడో పని: బ్రేకులు

మౌంటెన్ బైకింగ్ పుట్టుకే బ్రేకుల గొడవతో ముడిపడి ఉంది. 1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్ల మీద ఒక నిటారు మట్టిదారి దిగే పందెం పెట్టుకున్నారు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందకి చేరేసరికి చక్రం మధ్యలో ఉండే హబ్బులో గ్రీజు కాలి పొగ వచ్చేది, మళ్లీ గ్రీజు కూరితే గానీ సైకిల్ పనికొచ్చేది కాదు. అందుకే ఆ దారికి రీప్యాక్ (మళ్లీ కూరడం) అనే పేరొచ్చింది. మన కష్టం అంత లేదు గానీ, కొత్త డిస్క్ బ్రేకు పట్టడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లలో సగం మంది దానికి అలవాటు పట్టించలేదు.

ఖాళీ రోడ్డు మీద 20, 25 కిలోమీటర్ల వేగానికి వెళ్లి, చక్రం బిగుసుకుపోకుండా, నడక వేగం వచ్చేదాకా గట్టిగా బ్రేకు వేయండి. పూర్తిగా ఆగకండి. ఇలా 20 సార్లు, ఒక్కో బ్రేకుకీ విడిగా. ప్యాడు పదార్థం పలుచటి పొరగా డిస్కుకి అంటుకుంటుంది, అప్పటినుంచే అసలు పట్టు.

డిస్కు ఒక పక్క రాసుకుంటూ సర్రుమంటుంటే క్యాలిపర్ని (డిస్కుకి రెండు పక్కలా ప్యాడులుండే డబ్బా) పట్టుకున్న రెండు బోల్టులూ కాస్త వదులు చేసి, లీవరు గట్టిగా నొక్కి పట్టుకుని అలాగే బిగించండి. నూటికి ఎనభై సార్లు దీంతోనే సరిపోతుంది. తీగతో పనిచేసే మెకానికల్ బ్రేకుల్లో చాలావాటికి ఒక పక్క ప్యాడే కదులుతుంది. కదలని ప్యాడుని దాని డయలు తిప్పి డిస్కుకి వెంట్రుకవాసి దూరం దాకా తేవాలి, ఆ తర్వాతే తీగ బిగువు చూడాలి. చాలామంది తీగ ఒక్కటే లాగి బిగిస్తారు, ఆ బ్రేకు డిస్కుని ఒక పక్కకి వంచుతుందే తప్ప పట్టదు.

హైడ్రాలిక్, అంటే తీగ బదులు నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకు అయితే నూనె సంగతి మరవద్దు. షిమానో కంపెనీ బ్రేకుల్లో మినరల్ ఆయిల్, శ్రామ్ కంపెనీ బ్రేకుల్లో చాలావాటిలో డాట్ ఫ్లూయిడ్ (కార్లు, మోటారు బైకుల్లో వాడే బ్రేకు ద్రవం). ఒకదానిలో మరొకటి పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి. లీవరు మూత మీద ఏం రాసి ఉందో చదివి అదే పోయించండి. చక్రం తీసినప్పుడు లీవరు నొక్కకండి, పిస్టన్లు బయటికొస్తాయి. ప్యాడుల మధ్య మడిచిన విజిటింగ్ కార్డు పెట్టేస్తే ఇంట్లో పిల్లలు నొక్కినా భయం లేదు. డిస్కుని వేళ్లతో ముట్టుకోకండి, చైను స్ప్రే దాని దరిదాపుల్లో కొట్టకండి. ప్యాడులో ఒకసారి నూనె దిగితే కీచుమని అరుస్తుంది తప్ప ఆగదు. మార్చడమే దారి. కొత్త ప్యాడు కొనేముందు డిస్కు మీద చదవండి: రెజిన్ ప్యాడ్ ఓన్లీ అని ఉంటే లోహపు ప్యాడు వేయకూడదు, డిస్కునే తినేస్తుంది.

నాలుగో పని: ఫోర్కు

మీది స్ప్రింగు ఫోర్కా, గాలి ఫోర్కా? ఫోర్కు ఎడమ కాలు పైన మూత విప్పితే వాల్వు కనిపిస్తే గాలిది. తిప్పే బిరడా ఉండి, ప్లస్సు మైనస్సు గుర్తులుంటే స్ప్రింగుది.

గాలి ఫోర్కులో కొలవాల్సింది కుంగు. అంటే మీరు ఎక్కి నిలబడితే ఫోర్కు ఎంత దిగుతుందో. నీళ్ల సంచీ, హెల్మెట్, బూట్లు అన్నీ వేసుకోండి. లాకౌట్ (ఫోర్కు కుంగకుండా బిగించే మీట) తీసేయండి. ఫోర్కు గొట్టం మీదున్న రబ్బరు రింగుని కిందికి, సీలు దాకా నెట్టండి. రింగు లేకపోతే ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టుకోండి. ఒకరిని సైకిల్ పట్టుకోమని, పెడళ్ల మీద నిలబడి, దిగుడులో ఉన్నట్టు మోచేతులు వంచండి. ఊగకుండా మెల్లగా దిగండి. రింగు ఎంత పైకి జరిగిందో కొలవండి. 100 మి.మీ. ఫోర్కుకి అది 20 మి.మీ. దగ్గర ఉండాలి, 120కి 24. ఎక్కువ కుంగితే గాలి కొట్టండి, తక్కువైతే వదలండి. షాక్ పంపు విప్పేటప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు పంపు గొట్టంలోని గాలి, కంగారు పడకండి. మళ్లీ తగిలిస్తే అంకె తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఫోర్కులోంచి కొంత గాలి ఆ గొట్టం నింపుతుంది. దీన్ని లీకు అనుకుని ఫోర్కుని సర్వీసుకిచ్చినవాళ్లు నాకు తెలుసు.

తర్వాత రీబౌండ్, అంటే ముడుచుకున్న ఫోర్కు తిరిగి లేచే వేగం. ఆ నాబు మీద చాలా ఫోర్కుల్లో తాబేలు, కుందేలు బొమ్మలుంటాయి. తాబేలు వైపు పూర్తిగా తిప్పి, అక్కడినుంచి క్లిక్కులు లెక్కపెడుతూ సగానికి రండి. ఫుట్‌పాత్ అంచు మీంచి మెల్లగా దిగండి. ఫోర్కు ఒక్కసారి లేచి ఆగాలి. రెండు మూడుసార్లు ఊగితే తాబేలు వైపు ఒకటి రెండు క్లిక్కులు. వరసగా రాళ్లు వచ్చినప్పుడు ఫోర్కు లేవడానికి టైము చాలక కుంగిపోతూ గట్టిపడుతుంటే కుందేలు వైపు. ఈ కథలో ప్రతిసారీ తాబేలే గెలవదు.

స్ప్రింగు ఫోర్కులో ఆ బిరడా తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. మొదటి కుంగు ఎంతన్నదే మారుతుంది. 85 కిలోల మనిషి దాన్ని పూర్తిగా బిగించినా పెద్ద బండకి ఫోర్కు అడుగంటుతుంది. అలాంటివాళ్లకి మాత్రం గాలి ఫోర్కు నిజంగా అవసరం. కొనేముందు మూడు చూడాలి. ఫ్రేము మెడ గొట్టం (ఫోర్కు పైభాగం దూరే గొట్టం) పైనా కిందా ఒకే లావా, కింద లావు ఎక్కువా: పై నుంచి కిందిదాకా ఒకేలా ఉంటే సాధారణంగా 28.6 మి.మీ. తిన్నటి కాండం ఉన్న ఫోర్కే పడుతుంది. మీ ముందు చక్రం ఇరుసు 9 మి.మీ. క్విక్ రిలీజా, 15 మి.మీ. ఇరుసా: తేడా ఉంటే చక్రం కూడా కొనాల్సి వస్తుంది. మూడోది పొడవు: ఇప్పుడున్నదాని కన్నా 20 మి.మీ. మించి పెంచకండి. ప్రతి 20 మి.మీ.కి ముందుభాగం లేచి హ్యాండిల్ కోణం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది, ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది.

ఐదో పని: గేర్లు

ముందు ఒకే పళ్లచక్రం, వెనక పన్నెండు. ఇప్పుడందరికీ అదే కావాలి. కొనే ముందు ఒక చిన్న లెక్క చేయండి. మీ పాత సైకిల్‌కి ముందు చిన్నది 22 పళ్లు, వెనక పెద్దది 34 అనుకుందాం: 22ని 34తో భాగిస్తే 0.65. కొత్త పద్ధతిలో 32, 51: 0.63. ఎక్కుడులో తేడా దాదాపు శూన్యం. కొత్తదానికి క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), డెరైలర్ (చైనుని గేరు నుంచి గేరుకి జరిపేది), షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట), చైనుతో పాటు చాలాసార్లు వెనక హబ్బు కూడా మార్చాలి. చైను ఊడిపోకుండా ఉండటం, ఒక చేతికే పని ఉండటం సుఖమే, కాదనను. కానీ ఆ డబ్బుకి రెండు మంచి టైర్లు, డ్రాపర్ వస్తాయి.

ఉన్న గేర్లు సరిగా పడకపోతే ముందు వెనక నుంచి చూడండి. డెరైలర్ రెండు చిన్న చక్రాలూ క్యాసెట్‌తో ఒకే నిలువు గీతలో ఉండాలి. వంకరగా ఉంటే అది వేలాడే హ్యాంగరు వంగింది, స్క్రూలు ఎంత తిప్పినా లాభం లేదు, ముందు దాన్ని సరిచేయించాలి. తిన్నగా ఉంటే చిన్న పళ్లచక్రం మీదనుంచి మొదలుపెట్టి ఒక్కో గేరు పెద్దదానివైపు వేయండి. చైను ఎక్కడానికి మొండికేస్తే తీగ చివరి బ్యారెల్‌ని (చేత్తో తిప్పే గుండ్రటి బిరడా) అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి. దిగడానికి మొండికేస్తే సవ్యంగా. హెచ్, ఎల్ అక్షరాలున్న స్క్రూలు చైను రెండు చివరలు దాటకుండా ఆపేవి మాత్రమే, మధ్య గేర్ల గొడవకి వాటిని ముట్టుకోవద్దు.

చైను అరుగుదల స్కేలుతో కొలవచ్చు. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి దాని తర్వాతి 24వ పిన్ను దాకా దూరం 304.8 మి.మీ. వెనక పది గేర్ల దాకా ఉన్న సైకిల్ చైను 307 దాటితే, పదకొండు పన్నెండు గేర్లదైతే 306 దాటితే మార్చండి. ఆలస్యం చేస్తే క్యాసెట్ పళ్లు కూడా పోతాయి. ఎర్రమట్టి దుమ్ములో చైను తుడిచాకే నూనె వేయాలి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క, పది నిమిషాలాగి పైన మిగిలింది బట్టతో తుడిచేయాలి. నూనె కారుతున్న చైను దుమ్ముని పిలిచి అతికించుకుంటుంది.

చివరగా ఒక కొనుగోలు చెబుతాను, ధర తక్కువ, మరిచిపోతే నష్టం ఎక్కువ. డెరైలర్ వేలాడే ఆ హ్యాంగరు ఒక్కో మోడలుకి ఒక్కో ఆకారం. రాయికి తగిలితే ఫ్రేము బదులు తానే విరగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. మీ మోడలు ఆపేశాక అది దొరకడం కష్టం. సైకిల్ కొన్న షాపులోనే ఈ వారం రెండు తీసుకుని, ఒకటి ఇంట్లో, ఒకటి సీటు కింద సంచీలో పెట్టేయండి.